చప్పటి సిఫారసు

సర్జరీ విభాగంలో పెద్ద డాక్టరు గదికి ముందు ఇరుకు గది ఒకటుంది. అందులో ఒక కంప్యూటరు, ఒక కాలి కింద మడిచిన అట్టముక్క పెడితే గానీ నిలబడని బల్ల, ఆ బల్ల వెనక ఇరవై రెండేళ్ళుగా కదలని గుమస్తా. జూనియర్ డాక్టర్లందరికీ ఆయన బాబాయ్. కత్తి పట్టిన పాపాన పోలేదు గానీ, ఆయన వేళ్ళ కింద పుట్టిన సర్జన్లను వరుసగా నిలబెడితే ఆ వరుస గేటు దాటి, బస్టాండు దాటి, పక్క ఊళ్ళో ట్రాఫిక్ ఆపేస్తుంది. ఈ లెక్క ఆయనదే. చెప్పిన ప్రతిసారీ ఓ పదిమందిని కలుపుతాడు.

సంగతేమిటంటే, శిక్షణ ముగిసిన ప్రతి జూనియర్‌కూ పెద్ద డాక్టరు సిఫారసు ఉత్తరం ఇవ్వాలి. అది గట్టిగా ఉంటేనే పై శిక్షణలో సీటు. పెద్ద డాక్టరుకు తీరికెక్కడిది? "బాబాయ్‌కి చెప్పు, రాసి పెడతాడు" అంటాడు. బాబాయ్ రాస్తాడు, ఆయన చదవకుండా సంతకం గీకుతాడు. మార్కుల ఫారాల తంతూ అంతే. నిజాయితీ, ఓపిక, చేతి నేర్పు అంటూ పన్నెండు గడులు, గడికి అయిదు మార్కులు. పెద్ద డాక్టరు పై గడిలో అయిదు వేసి, అక్కణ్ణుంచి అడుగు దాకా ఒకే గీత లాగుతాడు. అందరికీ అయిదే. అందుకే అవతల సీట్లిచ్చే కమిటీ ఆ మార్కుల వైపు కన్నెత్తి చూడదు. ఉత్తరమే చూస్తుంది.

ఉత్తరమంటే బాబాయ్ చెయ్యి. ఆయన ఉత్తరాల్లో, ఆపరేషన్ మధ్యలో కరెంటు పోతే ఒకడు సెల్‌ఫోన్ వెలుతురులో తెగిన రక్తనాళాన్ని పట్టేశాడు. ఇంకొకడు ఆగిపోయిన గుండెను గుప్పిట్లో నొక్కుతూ రోగి స్ట్రెచర్‌తో పాటు నాలుగంతస్తులు ఎక్కాడు. లిఫ్టు చెడిపోయిందని కారణం కూడా రాశాడు బాబాయ్, ఎవరూ వేలెత్తి చూపకుండా. వాడికి సీటొచ్చింది.

"నువ్వు తయారుచేసిన డాక్టర్లలో ఒకణ్ణి చెప్పు, ఈ మోకాలు చూపించుకుంటా," అనేది భార్య.

"ఎక్కడికైనా వెళ్ళు గానీ, నేను రాసినవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకు," అనేవాడు.

ఆ ఏడు శిక్షణ ముగియబోతున్నవాళ్ళలో ఒకమ్మాయికి తోటివాళ్ళు రెండుసార్లమ్మ అని పేరు పెట్టారు. మందుసీసా మీద పేరు రెండుసార్లు చదువుతుంది, కట్టు విప్పి మళ్ళీ చూస్తుంది. ఆమెకు పిల్లల సర్జరీ చదవాలని ఉంది. ఉన్నది ఒక్క సీటు. ఉత్తరం కోసం బాబాయ్ ముందు నిలబడింది.

"ఏం తెప్పించమంటావు తల్లీ? కరెంటు కోతా, వరదా?"

"ఏవీ రాలేదుగా బాబాయ్."

"రాకపోతే రప్పిద్దాం. మన చేతిలో పనేగా."

"వద్దు. నేను చేసింది రాయండి చాలు. రేపు ఇంటర్వ్యూలో అడిగితే నీళ్ళు నమలాల్సొస్తుంది."

బాబాయ్ నవ్వబోయి ఆగాడు. ఆమె చేసింది ఆయనకు తెలుసు. ఆర్నెల్ల కిందట ఫైలు మీద సంతకానికి వెళ్ళి ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల బల్లమీద ఆరేళ్ళ పిల్లాడు. నెత్తురు అద్దిన గుడ్డలు నర్సు లెక్కపెట్టింది, పెద్ద డాక్టరు కుట్లు మొదలుపెట్టబోతున్నాడు.

"ఒక గాజుగుడ్డ తక్కువుంది సార్," అంది ఆ అమ్మాయి.

"నర్సు లెక్క తప్పింది. దారమివ్వు."

"నేనూ లెక్కపెట్టాను సార్. పొట్టలోనే ఉంది."

నలభై నిమిషాలు వెతికారు. కాలేయం వెనక దొరికింది. పెద్ద డాక్టరు ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు. ప్రతిదానికీ తోకలు తగిలించే బాబాయ్ ఈ ఒక్క కథ ఎవరికీ చెప్పలేదు. దానికి తగిలించడానికి ఏమీ కనిపించలేదు.

పెద్ద డాక్టరు సంతకం పైన అది రాయలేడు కదా. అందుకని ఉన్నవి రాశాడు. సమయానికి వస్తుంది. తెలియనిది తెలియదంటుంది. రోగి చెప్పేది చివరిదాకా వింటుంది. చేసిన పని మళ్ళీ సరిచూసుకుంటుంది. "నా మనవరాలికి ఆపరేషన్ అవసరమైతే ఈమెకే అప్పగిస్తాను" అని అయిదో వాక్యం కూడా రాశాడు గానీ, మనవరాలున్నది తనకే, సంతకం పెట్టేవాడికి లేదని గుర్తొచ్చి కొట్టేశాడు.

మూడు వారాలకు ఫోను మోగింది. కమిటీ పెద్ద.

"మీ దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాలు చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుందండీ. ఇదొక్కటే చప్పగా ఉంది. ఏదైనా దాచారా? సార్‌కి ఇవ్వండి."

బాబాయ్ లోపలికి వెళ్ళి సంగతి చెప్పాడు. పెద్ద డాక్టరు తన బల్లమీది రిసీవర్ ఎత్తి, దానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ పేరెవరిది? మొహం గుర్తురావట్లేదు."

బాబాయ్‌కి ఒక్కసారిగా హుషారొచ్చింది. రాయలేకపోయింది నోటితో చెప్పే అదను దొరికింది. పిట్టకథలు లేవు, తోకలు లేవు.

"అదే సార్, ఆరేళ్ళ బాబు... గాజుగుడ్డ లోపలుందని ఆపింది చూడండి. ఆ అమ్మాయే."

పెద్ద డాక్టరు మొహం గట్టిపడింది. చెయ్యి తీశాడు.

"మంచి పిల్లేనండీ. కానీ నిదానం. థియేటర్లో కంగారు పడుతుంది. అందుకే ఎక్కువ రాయలేదు." రిసీవర్ పెట్టి, "తలుపేసి వెళ్ళు," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఆమె వచ్చింది.

"సీటు రాలేదు బాబాయ్."

"తెలుసు తల్లీ."

"మీకెలా తెలుసు?"

బాబాయ్ నాలుక చివర అరడజను కారణాలున్నాయి, ఒక్కోటీ అతికినట్టుండేవి. వాటిని మింగేసి, ఫోనులో జరిగింది జరిగినట్టు చెప్పాడు. గుర్తుచేసింది తానేనని కూడా.

ఆమె చివరిదాకా వింది.

"అంతసేపు వెతికించినందుకా?"

"కాదు తల్లీ. దొరికినందుకు."

ఆమె ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "వచ్చే నెల ఇంకోచోట సీట్లున్నాయి. పిల్లల సర్జరీ కాదు, ఏదో ఒకటి. ఉత్తరం కావాలి."

"ఏం రాయను?"

"అందరికీ ఏం రాస్తారో అది."

బాబాయ్ కంప్యూటరు వైపు తిరిగాడు. రాశాడు. ఇరవై రెండేళ్ళలో అంత గొప్పగా ఎవరికీ రాయలేదు. కాగితం ఆమె చేతికిచ్చి మొహంలోకి చూడకుండా కూర్చున్నాడు.

ఆమె చదివింది.

"ఇందులో ఉన్నావిడ ఎవరో గానీ అదృష్టవంతురాలు బాబాయ్," అని, మడిచి కవర్లో పెట్టుకుని వార్డుకు వెళ్ళిపోయింది.