ఇరవయ్యో రోజున మూత తెరిచాను

రెండేళ్ల కిందట, నవంబరులో, కొండాపూర్ దగ్గర బడిపిల్లలకు సేద్యం చూపించే ఒక క్షేత్రంలో పశుపక్ష్యాదుల పర్యవేక్షకుడిగా చేరాను. అంతకుముందు పశువైద్య శాఖలో లైవ్‌స్టాక్ అసిస్టెంటుగా మొదలుపెట్టి జూనియర్ వెటర్నరీ ఆఫీసరుగా రిటైరయ్యాను. పేరులో ఆఫీసరు ఉన్నా పైన డాక్టరు ఉండేవాడు. ఇక్కడ నా పైన ఎవరూ లేరు, కోళ్లు చూసే సాయమ్మ తప్ప.

చలికాలం మాకు రద్దీ కాలం. ఎండ ఉండదు గనక బడులన్నీ అప్పుడే వస్తాయి. నాటుకోడి చలికి సరిగా పొదగదని గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టేవాళ్లం. ఇది వెచ్చని పెట్టె. ఇరవై ఒక్క రోజులు ఒకే వేడి ఉండాలి, గుడ్లను రోజుకు మూడుసార్లు తిప్పాలి. పద్దెనిమిదో రోజున తిప్పడం ఆపి, నీళ్ల గిన్నె నింపి, మూత వేస్తే పిల్లలు బయటికి వచ్చేదాకా తీయకూడదు. తీస్తే లోపలి తేమ పోతుంది. ఈ పాఠం నేనే చెప్పేవాణ్ణి.

ఒక విడత గుడ్లు పెట్టిన ఏడో రోజున పటాన్‌చెరు బడి నుంచి ఐదో తరగతి పిల్లలు పన్నెండు మంది వచ్చారు. టార్చి వెలుగులో గుడ్లలో ఎర్రటి నరాలు చూపించాను. ప్రాణం కనబడినవి సరిగ్గా పన్నెండు. వాళ్ల టీచరు పెన్సిలుతో ఒక్కో గుడ్డు మీద ఒక్కో పేరు రాయించారు. నేను సరేనన్నాను. గుడ్డిగా ఒప్పుకున్నాను, అదీ గుడ్డు విషయంలో.

ఇరవయ్యో రోజున మరో బడి వచ్చింది. ఒక గుడ్డుకు అప్పటికే పగులు పడింది. పెట్టె అద్దం చిన్నది, దాని మీద ఆవిరి. "మీ అంత బాగా ఎవరూ చెప్పలేరండీ, ఒక్కసారి దగ్గరగా చూపిస్తారా?" అన్నారు ఆ టీచరు. పొదగడం కోడికి తెలుసు, పొగడ్తకు పొంగడం నాకు తెలుసు. మూత తెరిచాను. ముప్పై మంది వరుసగా చూసేసరికి పది నిమిషాలయ్యాయి. బయట పొడి చలిగాలి.

సాయమ్మ పరుగెత్తుకొచ్చింది. "జెర మూత పెట్టున్రి సార్! కోడి గిట్ల లేసి ఊరంత తిరిగొస్తదా?"

మర్నాడు పొద్దునకి పదకొండు పిల్లలు బయటికొచ్చాయి. మొదట పగులు పడిన గుడ్డు మాత్రం అలాగే ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాను, చప్పుడు లేదు. దాని మీద "రేణుక" అని ఉంది. లక్డారం ఊరి అమ్మాయి. ఏడో రోజున అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగింది ఆ అమ్మాయే. పేర్లు రాసిన పన్నెండు మందీ తమ కోడిపిల్లల్ని చూడటానికి గంటలో వస్తారు.

"ఇంకో గంపల పిల్ల ఉన్నది కద సార్, తెచ్చి ఇదే నీదని చెప్తే అయిపాయె. పోరి ఏడుస్తది," అంది సాయమ్మ. ఆ పిల్లను తెప్పించాను కూడా. దాన్ని చేతిలో పట్టుకుని ఉండగానే వ్యాను వచ్చింది.

రేణుక తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్లి తన పేరు ఉన్న గుడ్డు చూసింది. "నాదెందుకు రాలే సార్?"

"చలి, అమ్మా."

"మరి మిగిలినయాటికి చలి పెట్టలేదా?"

ముప్పై ఏళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఏ డాక్టరూ అంత సూటిగా అడగలేదు. చేతిలోని కోడిపిల్లను సాయమ్మకు ఇచ్చేశాను. మొదట పగులు పడింది దీనికేనని, నిన్న వేరే బడి పిల్లల కోసం మూత నేనే తెరిచానని, గాలి తగిలి పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోయి ఉంటుందని, అందుకే అది లోపల తిరిగి పెంకును పగలగొట్టుకోలేకపోయి ఉంటుందని చెప్పాను.

ఆ అమ్మాయి ఏడవలేదు. "తీసి సూపెట్టున్రి," అంది.

పెంకు ఒలిచాను. పిల్ల పూర్తిగా తయారైంది. పొర తడి కాగితంలా అంటుకుని ఎండింది. ముక్కు పగులు వైపే ఉంది. తక్కిన పదకొండు మందీ తమ కోడిపిల్లల్ని వదిలేసి చుట్టూ మూగారు. ముక్కు మీద తెల్లటి మొన ఏమిటని ఒకరు, గాలి ఎక్కడ ఉంటుందని ఒకరు. ఇంకే గుడ్డూ చెప్పలేనంత పాఠం ఆ గుడ్డు చెప్పింది. రేణుక చివరగా అంది: "నాదే ముందుగాల పగిలింది సార్. గందుకే దాన్నే సూపెట్టిన్రు."

అవును, అన్నాను.

ఆ తర్వాత మా దగ్గర గుడ్ల మీద పేర్లు రాయించలేదు. పద్దెనిమిదో రోజున మూతకు తాళం పడుతుంది. తాళంచెవి సాయమ్మ దగ్గర ఉంటుంది, నేనడిగినా ఇవ్వదు. వృత్తిలో ఏదైనా చెడినప్పుడు వాతావరణాన్ని తప్పుపట్టడం నాకు బాగా అలవాటు. ఇప్పుడు ముందు నా చేతులు ఏం చేశాయో రాసి, ఆ తర్వాతే చలి సంగతి రాస్తున్నాను.