సుగుణ ఉప్పు చూసిన పూట

దయ్యం పట్టిందంటే తాండూరు చుట్టుపక్కల నన్ను పిలుస్తారు. పాస్టర్‌ని కదా. కరణ్‌కోట నుంచి బంట్వారం దాకా ఎన్నో ఇళ్లకు వెళ్లాను. తీరా చూస్తే కొన్నిచోట్ల జ్వరం, కొన్నిచోట్ల అత్తగారు. దయ్యం మాత్రం ఎక్కడా తగల్లేదు. చనిపోయినవాళ్లు మళ్లీ కనపడతారని నేను నమ్మలేదు, నమ్మొద్దనే బోధించాను.

రెండేళ్ల కిందట మా సంఘం నుంచి ఆరుగురు మగవాళ్లం ఆఫ్రికాలోని మలావీకి సువార్త యాత్రకు వెళ్లాం. నా భార్య సుగుణకు అప్పటికే కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు వికారాబాద్‌లో డయాలసిస్. నేను వెళ్లనన్నాను. ఆమె ఊరుకోలేదు.

"ఓ పాస్టర్‌సాబ్, నా దునియా అంత తాండూరు టేషన్, వికారాబాద్ టేషనే అయిపాయె. నువ్వన్న జర దూరం పోయిరా. వచ్చినంక కూసొని అన్నీ చెప్పు. చెప్పుడంటే నీకు మస్తు ఇష్టం గద!"

పదిహేను రోజుల్లో వచ్చేస్తానని మాటిచ్చాను.

అక్కడ అన్నీ సర్దుబాట్లే. డోలక్ విమానంలోనే చిరిగింది. నూనె డబ్బా బోర్లించి వాయించాం. వ్యాన్ బురదలో దిగబడితే ప్రార్థన బెంచీలు చక్రాల కింద పరిచాం. నా ప్రసంగాలప్పటి కంటే ఆరోజే వాటి మీద ఎక్కువ బరువు పడింది.

తొమ్మిదో రోజు మా వంటాయనకు జ్వరం. నలభై మంది వంట నా మెడకు చుట్టుకుంది. చింతపండు లేదు. అక్కడి బావోబాబ్ అనే లావుపాటి చెట్టు కాయ పుల్లగా ఉంటుంది. దాన్నే నానబెట్టి పప్పుచారు పెట్టాను. నా వంటకు ఒకటే తెగులు: మాటల్లో పడి ఉప్పు రెండుసార్లు వేస్తాను. ఇంట్లోనైతే సుగుణ చేతి మీద ఒక్కటి వేసి ఆపేది.

మధ్యాహ్నం పన్నెండింటికి, పక్కవాళ్లతో కబుర్లాడుతూ మళ్లీ ఉప్పు తీశాను. అప్పుడే నీళ్లు మోసుకొస్తున్న అక్కడి మనిషి ఎస్తేరు, బిందె దించేసి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను మొదటిసారి వేయడం ఆమె చూడనే లేదు. ఎలా తెలిసిందని మా దుబాసీతో అడిగించాను.

మీ భార్య సైగ చేసిందని చెప్పిందట. మీ వెనకే నిలబడిందట. పొట్టి మనిషి, ఆకుపచ్చ చీర, కళ్లద్దాల కాడకు తెల్ల ప్లాస్టర్.

నా భార్య రాలేదన్నాను. ఎస్తేరు ఒప్పుకోలేదు. భార్య కాకపోతే అంత కోపంగా ఎవరు చూస్తారందట. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. సుగుణ కళ్లద్దాలకు ప్లాస్టర్ లేదు మరి.

గంట తర్వాత బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా... అక్క పోయింది. మూడున్నరకు. నిద్రల్నే, బావా."

మలావీ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. ఇక్కడ మూడున్నరంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండు.

విమానాలు దొరికి ఇల్లు చేరేసరికి నాలుగో రోజు. అప్పటికే సమాధి చేసేశారు. నేను చూసింది పచ్చి మట్టిని. హాస్పిటల్ నుంచి తెచ్చిన కవర్లో ఆమె కళ్లద్దాలు ఉన్నాయి. ఒక కాడకు తెల్ల ప్లాస్టర్.

"నువ్వు పోయినంక ఇరిగింది బావా. దవఖానల నర్సమ్మ అంటుపెట్టింది," అన్నాడు బామ్మర్ది.

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎస్తేరు సుగుణ ఫోటో కూడా చూడలేదు. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే డబ్బా గురించి, బెంచీల గురించి చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇది మాత్రం చెప్పలేకపోయాను.

సుగుణ అంత దూరం నా వంట దగ్గరికి వచ్చింది, నా కంట పడలేదు. ఆమెను చివరిసారి చూసింది ఎస్తేరు. నాకు మూరెడు దూరంలోనే నిలబడిందట.

నేను వెనక్కి తిరగలేదు. ఎవరితోనో ఏదో చెబుతూ ఉన్నాను.