పదకొండు గంటల గుండె

1994లో ఒక మంగళవారం పొద్దున తెనాలి స్టేషన్లో మా పురుషోత్తం రేపల్లె పాసింజరును ముట్టుకోబోయి, అందులోంచి దిగుతున్న మంగాయమ్మ గారి భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ గొడుగుతో ఒకటి వేసింది.

"బండి వచ్చిందో లేదో చూస్తున్నానండి," అన్నాడు మోచెయ్యి రుద్దుకుంటూ.

"కళ్లు లేవూ?"

"ఉన్నాయండి. వాటి మాట నేను వినను."

పురుషోత్తానికి ఉన్న ఒకే ఒక్క జబ్బు ఇది. చేత్తో తాకి చూడందే లోకంలో ఏదీ ఉన్నట్టు ఒప్పుకోడు. మా ఆవిడ "అన్నయ్యగారూ, పెనం కాలుతోంది, జాగ్రత్త" అంటే పెనం మీద వేలు పెట్టేవాడు. ఆ వేలు కుళాయి కింద పెట్టుకుని, "నిజమేనమ్మా, కాలుతోంది" అని తీర్పు చెప్పేవాడు. ఈ తీర్పు మా ఇంట్లో నాలుగుసార్లు వెలువడింది.

చేబ్రోలులో సంజీవరావు మేస్టారు పోయారని ఓసారి ఎవరో అన్నారు. నేను రెండు నిమిషాలు మౌనం పాటించి ఊరుకున్నాను. పురుషోత్తం దండ కొనుక్కుని బస్సెక్కాడు. వెళ్లేసరికి మేస్టారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. పలకరించకుండానే ఆయన మణికట్టు పట్టుకుని కాసేపు లెక్కపెట్టాడు.

"ఎవరు పోయారయ్యా, దండ తెచ్చావు?" అన్నారు మేస్టారు.

"మీరేనండి. కాదని తేలింది."

ఇలాంటి మనిషితో కలిసి నేను తెనాలిలో కంప్యూటర్ సెంటర్ నడిపాను. వారానికి రెండ్రోజులు అతను బాపట్ల వెళ్లి ఇంజనీరింగు పిల్లలకి పాఠం చెప్పొచ్చేవాడు. 1997లో రేపల్లె డాక్టర్ ప్రమీల గారు తన పది మంచాల ఆస్పత్రికి గుండె చప్పుడు తెర మీద చూపించే యంత్రం కావాలన్నారు. కొత్తది కొనే స్తోమత లేదు. పురుషోత్తం ఒక పాత కంప్యూటరు తెచ్చి, రోగి గుండె చప్పుడు అందుకునే కార్డొకటి దానికి తగిలించి, లోపల అన్నిటి మీదా పెత్తనం చేసే ప్రోగ్రాము ఉంటుందే, కెర్నెల్, అందులో ఆ కార్డుకి కావలసిన భాగం తనే రాశాడు.

అందులో అసలు కిటుకు డీఎంఏ అన్నాడు. నాకు అర్థం కాలేదన్నాను.

"రైసు మిల్లు ఉందనుకో. లారీలోంచి దిగే బస్తా బస్తాకీ యజమాని లేచి రావాలా? లారీ వాడికి గోడౌను నంబరు చెప్పు, ఎన్ని బస్తాలో చెప్పు, దింపాక గంట కొట్టమను. గంట వినగానే మళ్లీ లోడు తెమ్మను. కార్డు లారీ, మెమరీ గోడౌను. అంతే."

"నంబరు తప్పు చెబితే?"

"పక్కింటి వంటగదిలో దింపేస్తాడు. వాడికీ తెలీదు, నీకూ తెలీదు. వండుకునే ఆవిడకి తెలుస్తుంది."

అందుకే ఏ మార్పు చెయ్యాలన్నా ముందు మూత విప్పి, ఒక్కొక్క కార్డునీ, దాని మీద పిన్నుల్నీ వేలితో తడిమి, ఏ గంట ఎవరిదో చూసుకునేవాడు. ఒక్కో కార్డుకీ ఒక్కో నంబరు గంట, ఇద్దరికి ఒకటే ఇవ్వకూడదు. పావుగంట పని అతని వేళ్ల వల్ల పూటంతా పట్టేది. నాకు విసుగు.

ఆ విసుగుతోనే, అతను బాపట్లలో పరీక్షలు చూసుకుంటున్న వారంలో, నేనొక్కణ్ణే రేపల్లె వెళ్లాను. డాక్టరు గారు మందుల చీటీలు ప్రింటు కావాలన్నారు. కెర్నెల్ మళ్లీ తయారు చేస్తుంటే అది పెళ్లిచూపుల్లో పెద్దమ్మలా ప్రశ్నలు మొదలుపెట్టింది. ప్రింటరుందా? ఉంది. ఏ గంట? ఏడు. ఏడో గంట అప్పటికే గుండె కార్డుదని తెలియాలంటే మూత విప్పి చూడాలి. విప్పలేదు.

ఆ రోజు మూడో మంచం మీద వెంకట సుబ్బయ్య గారున్నారు. ముప్పై ఏళ్లు మిల్లులో ఇంజను చూసుకున్నాయన. గుండె అరిగిపోయింది, ఇక రోజుల్లోనే అని డాక్టరు గారు దాచకుండా చెప్పేశారు. ఆయన భార్య నాగేశ్వరమ్మ గారు ఏడవలేదు. ఒక్కటే అడిగారట: "నాకు తెలీకుండా మాత్రం పోకూడదమ్మా. నలభై ఏళ్లు చెప్పకుండా గడప దాటలేదు ఆయన." అప్పట్నుంచీ ఆయన గుండె చూపించే తెరకేసి రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నారు.

పదకొండు గంటలకి డాక్టరు గారు మొదటి చీటీ ప్రింటు తీసి, బాగుందని మెచ్చుకుని, పురుడు పొయ్యడానికి పక్కగదిలోకి వెళ్లారు. నేను ఉబ్బిపోయి మంచం దగ్గర బంధువులకి పెన్నుతో తెర చూపిస్తూ ఉపన్యాసం అందుకున్నాను.

"ఎంత తీరుగా కొట్టుకుంటోందో," అన్నాడు నాగేశ్వరమ్మ గారి తమ్ముడు చలపతిరావు. "గడియారం కూడా ఇంత తీరుగా ఉండదు. బావ ఇంటికొచ్చేస్తాడక్కా."

"అంతా మా యంత్రం మహిమ," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

పన్నెండున్నరకి బాపట్ల నుంచి బస్సు దిగి పురుషోత్తం వచ్చాడు. మూత విప్పకుండా కెర్నెల్ మార్చానని పొద్దున అతనికి ఫోన్లో చెప్పాను, తాకి చూసుకోవడానికి వచ్చాడు. తెర వంక చూడలేదు. సరాసరి వెళ్లి సుబ్బయ్య గారి మణికట్టు పట్టుకున్నాడు. కాసేపటికి మెడ కింద వేళ్లు పెట్టాడు.

"డాక్టరు గార్ని పిలు."

"ఎందుకూ, బాగానే ఉందిగా?"

"తెరకి బాగానే ఉంది."

పరిగెత్తాను. డాక్టరు గారొచ్చి ఇంజక్షన్లిచ్చి, అరగంట తంటాలు పడి, జారిపోతున్న మనిషిని గట్టుకి లాగారు. ఆ అరగంటా ఆయన గుండె తప్పటడుగులు వేస్తూనే ఉంది. తెర మీద మాత్రం తీరుగా కొట్టుకుంటూనే ఉంది.

ప్రింటరు కదలగానే ఏడో గంట దాని చేతిలోకి పోయింది. కార్డు ఒక లోడు దింపి గంట కొట్టింది, వినేవాడు లేక లారీ అక్కడే ఆగింది. తెర ఆ ఒక్క లోడునే తిప్పి తిప్పి చూపిస్తోంది.

నాగేశ్వరమ్మ గారు మెల్లిగా అడిగారు. "అయితే నాయనా, ఇంతసేపూ నేను చూస్తున్నది?"

"పదకొండు గంటలప్పటిదండి," అన్నాడు పురుషోత్తం. "తప్పు మాదే."

'మా' అన్నాడు. మూత విప్పనిది నేనొక్కణ్ణే.

ఆ మధ్యాహ్నం యంత్రం తీగలు తనకే తగిలించుకుని, తన మణికట్టు తను పట్టుకుని తెరతో సరిచూసుకుంటూ అంతా సరిచేశాడు. ప్రింటరుకి వేరే గంట ఇచ్చాడు. ప్రతి లోడుకీ ముందు గోడౌను ఊడ్పించే ఏర్పాటు చేశాడు, కొత్తది రాకపోతే తెర ఖాళీగా కనబడేట్టు. ఇంకేవో నాలుగు వరుసలు రాశాడు. ఏంటవి అంటే వినిపించుకోలేదు.

మర్నాటి నుంచి ఆ యంత్రానికి కొత్త రోగం పట్టిందని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. అయిదు నిమిషాలకోసారి తెర నల్లబడి, 'చెయ్యి పట్టుకుని చూసి, మీట నొక్కండి' అని తెలుగు అక్షరాలొచ్చేవి. నొక్కితే మళ్లీ వెలిగేది. నా ప్రింటరు పుణ్యమేనని హడలిపోయి, నేను రేపల్లె వైపే వెళ్లలేదు.

సుబ్బయ్య గారు ఇంకో ఆరు రోజులున్నారు. ఆరో రోజు మధ్యాహ్నం, తెర కంటే ముందు నాగేశ్వరమ్మ గారికే తెలిసింది. ఆవిడే డాక్టరు గార్ని పిలిచి, నెమ్మదిగా, "వెళ్తున్నారమ్మా" అన్నారట.

పెద్దకర్మ నాడు ఇద్దరం వెళ్లాం. భోజనాలయ్యాక ఆవిడ పురుషోత్తాన్ని పక్కకి పిలిచారు. నేనూ వెనకాలే వెళ్లాను.

"నీ పెట్టె మంచిది కాదు నాయనా. అయిదు నిమిషాలకోసారి ఆరిపోయేది. నర్సమ్మకి తీరిక ఉండదు, నేనే పట్టుకోవాల్సొచ్చేది. పెళ్లిలో పట్టుకున్నదే ఆ చెయ్యి, మళ్లీ నలుగురిలో పట్టుకోవడం ఎరగను. ఆరు రోజులు వదలకుండా పట్టుకుని కూర్చున్నాను, అందరూ చూస్తుండగా. సిగ్గుతో చచ్చాను. ఆయనేమో నవ్వడం. ఇంకొకళ్లకి పెట్టేముందు కాస్త బాగుచెయ్యి."

పురుషోత్తం చేతులు కట్టుకుని విన్నాడు.

"పాడవలేదండి, అలాగే రాశాను."