పంతొమ్మిదో పేరు

జగన్మోహన్ ఇంటి తలుపు మీద పేడ కొట్టింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. తేల్చాలంటే చిక్కడపల్లి నుంచి అంబర్‌పేట్ దాకా కనీసం రెండు వందల మందిని అడగాలి. అందులో ప్రతి ఒక్కరికీ కారణం ఉంది.

ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో రికార్డు గుమాస్తా. అయిదింటికి ఆఫీసు వదిలితే సైకిల్ ఎక్కేది ఇంటికి కాదు, ఏదో ఒక కబడ్డీ కోర్టుకు. అక్కడ అందరికంటే వెనక నిలబడేవాడు. ఎవరైనా చాయ్ ఇస్తే తాగడు, కుర్చీ వేస్తే కూర్చోడు, నమస్తే అంటే గడియారం చూసుకుంటాడు. చేతిలో చిన్న నోటుబుక్కు, చెవి మీద పెన్సిల్. ఆడపిల్లల కబడ్డీ ఆయన చూసినంత శ్రద్ధగా ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆయన చూస్తున్నాడంటే ఆడేవాళ్లకు భయం.

భయానికి కారణం జాబితా. ఊళ్లో ఆరు ఆఫీసులకు ఆడవాళ్ల జట్లు ఉండేవి. మంచి ఆటగత్తె కనబడితే ఆరుగురూ ఎగబడేవాళ్లు. ఒకసారి ఇద్దరు అధికారులు కోర్టు మధ్యలోనే కాలర్లు పట్టుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చారు. ఏటా జూన్‌లో నారాయణగూడలో ఒక హోటల్ మేడ మీద ఆరుగురు మేనేజర్లు కూర్చుంటారు. పోయిన ఏడు ఆఖరున నిలిచిన జట్టు ముందు కోరుకుంటుంది, గెలిచిన జట్టు అందరి తర్వాత. ఒక్కో జట్టుకు ఇద్దరు, మొత్తం పన్నెండు మంది. దీన్ని పంపకం అనేవాళ్లు. పంపకంలో పేరు వస్తే ఆఫీసులో ఉద్యోగం వచ్చినట్టే. ఇరవై ఒకటి నిండిన పిల్ల పేరు తీసుకోరు.

మేనేజర్లు ఎండలో కోర్టుల వెంట తిరిగే మనుషులు కారు. జగన్మోహన్ ఇరవై పేర్లు వరుస నంబర్లతో రాసి జిరాక్స్ తీయించి పంచేవాడు. వాళ్లు దాన్ని చూసి పై నుంచి కిందికి కోరుకునేవాళ్లు. పన్నెండో పేరు కింద ఆయన గీత గీసేవాడు కాదు. గీయకపోయినా అందరికీ కనబడేది.

పేరు పక్కన రెండు ముక్కలు కూడా ఉండేవి. 'కాలు ఉంది, బుద్ధి లేదు.' 'పట్టుకుంటే వదలదు, పట్టుకోవడమే లేదు.' 'తండ్రి అరుపులు ఎక్కువ, పిల్ల ఆట తక్కువ.' ఇవి నారాయణగూడ ఇరానీ హోటళ్లలో నవ్వుకుంటూ చదివేవాళ్లు. ఎవరి గురించి రాశాడో వాళ్ల ఇళ్లలో ఆ రోజు పొయ్యి వెలిగేది కాదు.

ఆయన పద్ధతి మొండిది. ఒక్కో పిల్లవి మూడు మ్యాచులు చూస్తాడు. రెయిడ్‌కు వెళ్లిన పిల్ల ఒక్క ఊపిరి మీద ఎంతసేపు కూత పెడుతుందో సెకన్ల ముల్లుతో కొలుస్తాడు. మూడింటికీ సగటు కడతాడు. ప్రాక్టీసు చూడడు. 'ప్రాక్టీసుల నేను గూడ ఆడుత' అనేవాడు. జిరాక్స్ తీశాక ఒక్క నంబరు మార్చడు. పద్దెనిమిదేళ్లు ఇలాగే నడిపాడు. దీనికి ఆయనకు ఎవరూ పైసా ఇవ్వలేదు. పంపకం రోజు మేడ మీద గోడ పక్కన ఒక కుర్చీ వేసేవాళ్లు. అదే ఆయన సంపాదన.

తొంభైల మధ్యలో ఒక ఏడు, జాబితాలో పంతొమ్మిదో పేరు ఇది: 'భాగ్యశ్రీ, అశోక్‌నగర్. పట్టు ఉంది. దమ్ము లేదు. పదహారు సెకన్లు.'

భాగ్యశ్రీకి ఆగస్టులో ఇరవై ఒకటి నిండుతుంది. ఆ పంపకమే ఆఖరు.

ముందుగా వచ్చినవాడు ఆమె కోచ్ విఠల్. జగన్మోహన్ చిక్కడపల్లి లైబ్రరీలో పేపరు చదువుతుంటే ఎదురుగా కాగితం విసిరాడు.

"ఏం రాసినవన్నా ఇది?"

"చదువొస్తది గదా. చదువుకో."

"భాగ్యకు దమ్ము లేదా? నా కోర్టుల గంత కూత పెట్టే పిల్ల ఇంకోతి లేదు."

"నా గడియారం అబద్ధం చెప్పదు."

"గడియారం చెప్పదు. పెట్టుకున్నోడు చెప్తడు."

చుట్టూ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్లు తలలెత్తారు. అటెండరు వచ్చి, "కొట్టుకునేదుంటే గేటవుతల కొట్టుకోండ్రి," అన్నాడు. విఠల్ వెళ్లిపోయాడు. జగన్మోహన్ పేపరు పూర్తిగా చదివి, మడత పెట్టి, అప్పుడు లేచాడు.

ఆదివారం పొద్దున నల్లా వచ్చే వేళకు బుగ్గమ్మ వచ్చింది. భాగ్యశ్రీ తల్లి. మహబూబ్‌నగర్ నుంచి పదేళ్ల కింద వచ్చి అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో ఉంటోంది. తల్లీబిడ్డలిద్దరిదీ కట్టడాల పని. పాత ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపుతున్న కాలం అది, పనికి కొదవ లేదు. గల్లీలో బిందెలు వరుసగా ఉన్నాయి. బుగ్గమ్మ జగన్మోహన్ గుమ్మం ముందు నిలబడింది.

"ఎవరమ్మా?" అంది విజయశ్రీ, ఆయన భార్య.

"పంతొమ్మిదో నంబరు తల్లిని."

విజయశ్రీ లోపలికి చూసింది.

"ఆడపిల్లలకు నంబర్లేస్తడంట గదా మీ సారు," బుగ్గమ్మ గొంతు గల్లీ చివరికి వినబడింది. "ఇయ్యాల నేనేస్త. కాళ్లు: రెండు మెట్లెక్కితే మోకాలు పట్టుకుంటడు. పొట్ట: ఉన్నది, బాగున్నది. కండ్లు: ఉన్నయిగని పొద్దుగూకినంకనే కనబడతది. పొద్దంత మా పిల్ల ఏడున్నదో కనబడలే. అన్ని గలిపి నూటికి నూరో నంబరు."

"నూటొకటో నంబరెవరే?" బిందె పట్టుకున్న ఒకామె అడిగింది.

"గా నంబరుకు మనిషి దొరకలే."

గల్లీ అంతా నవ్వింది. జగన్మోహన్ బనియన్ మీద చొక్కా వేసుకుంటూ బయటికి వచ్చాడు. చేతిలో నోటుబుక్కు ఉంది.

"సూడమ్మా. మూడు మ్యాచులు చూసిన. మూడిట్ల ఒక్కపారి గూడ పదిహేడు దాటలే. నేనేం జేయాలె, దాటిచ్చి రాయాల్నా?"

"ఏ దినాలు జూసినవ్?"

"ఏప్రిల్ పద్దెనిమిది. ఏప్రిల్ ఇరవై ఎనిమిది. మే తొమ్మిది." ఆయన గర్వంగానే చదివాడు. తారీఖు వేయకుండా ఆయన ఏదీ రాయడు.

బుగ్గమ్మ వేళ్లు మడిచింది. "పద్దెనిమిది, అశోక్‌నగర్ల డాక్టరింటి స్లాబ్. ఇరవై ఎనిమిది, దోమల్‌గూడల మూడో అంతస్తు స్లాబ్. తొమ్మిది, నల్లకుంట. మూడు దినాలు పొద్దుగాల ఆరింటికి తట్టలెత్తినం, నాలుగింటికి దించినం. స్లాబ్ నడుమ ఆపరు సారూ, ఆపితే అతుకు పడి నీళ్లు కారుతది. తిన్నది నిలవడి తిన్నం. నా పిల్ల సిమెంటు మొఖం కడుక్కొని నీ మ్యాచుకు ఉరికొచ్చింది. ఇగ కూత ఏడికెల్లొస్తది, నీ నోట్లకెల్లొస్తదా?"

"మూడు దినాలూ స్లాబేనా? నేను జూసిన దినాలే?"

"నీ ఇంట్ల పంచాంగం లేదా? మంచి దినం గాకుంటే ఎవడన్న స్లాబ్ ఏస్తడా? మీ టోర్నమెంటోల్లు టెంకాయ గొట్టేది గా దినాన్నే, ఇండ్లోల్లు స్లాబేసేది గా దినాన్నే."

విజయశ్రీ వంటింటి గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చి, భర్త వైపు చూడకుండా, "మూడూ మంచి దినాలే," అంది.

"ఇప్పుడు మూఢం నడుస్తున్నది," బుగ్గమ్మ అంది. "ముహూర్తాల్లేవు, స్లాబుల్లేవు. పది దినాలాయె, పిల్ల ఇంత తిని పండుకుంటున్నది. చాతనైతే ఇప్పుడొచ్చి సూడు."

"నేను ప్రాక్టీసు చూడ."

"అయితే తలుపు మూసుకో."

ఆయన మూసుకున్నాడు. పేడ పడింది మర్నాడే. గల్లీలో చాలామంది బుగ్గమ్మ పేరు చెప్పారు. కానీ ఆమె చెయ్యదలిచింది ఎదురుగా నిలబడి చేసే మనిషి.

మంగళవారం సాయంత్రం జగన్మోహన్ నారాయణగూడలో విఠల్ కోర్టు గోడ బయట నిలబడి ఉన్నాడు. సైకిల్ గోడకు ఆనించి, దాని పెడలు మీద ఒక కాలు పెట్టి, మెడ చాచి చూస్తున్నాడు. భాగ్యశ్రీ గీత దాటి కూత మొదలుపెట్టింది. ఇరవై ఆరు సెకన్లు. రెండోసారి ఇరవై తొమ్మిది. మూడోసారి ఇద్దరు కాలు పట్టుకుంటే వాళ్లను ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చింది. ఇరవై ఎనిమిది. ఆ ఏడు ఆయన పుస్తకంలో ఇరవై ఎనిమిది దాటినవాళ్లు ఇద్దరే.

విఠల్ చూశాడు. "ఏమన్నా, ప్రాక్టీసు చూడవు గదా?"

"చూస్తలేను. బస్సు కోసం నిలవడ్డ."

"సైకిల్ ఉండంగనా? ఈ గల్లీల బస్సెప్పుడొచ్చిందన్నా?"

బుధవారం పంపకం. పోయిన ఏడు ఆఖరున నిలిచిన జట్టు మేనేజరు కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేరు చదవబోతుంటే జగన్మోహన్ కుర్చీలోంచి లేచాడు.

"పంతొమ్మిదో పేరు తప్పు. అది మూడో పేరు గావాలె."

ఇది పశ్చాత్తాపం అనుకుంటే పొరపాటు. ఆ పిల్ల మీద ఆయనకు జాలి లేదు, తల్లి మీద కోపం తగ్గలేదు. తన పుస్తకంలో తప్పు అంకె ఉండటం ఆయనకు పడదు, అంతే.

మేనేజరు కళ్లద్దాలు తీశాడు. "ఎట్ల తప్పయింది?"

జగన్మోహన్ చెప్పాడు. స్లాబులు, ముహూర్తాలు, తారీఖులు, అన్నీ.

"మరి మిగిలిన పంతొమ్మిది పేర్లు? వాళ్లు ఆ దినాల ఏం జేసొచ్చిండ్రు?"

"నాకు తెల్వదు."

"తెల్వదా?"

"నేనడుగలే."

"పద్దెనిమిదేండ్లసంది మాకేమిచ్చినవయ్యా మరి?"

"చూసిందిచ్చిన."

ఇంకొక మేనేజరు నవ్వాడు. "మా ఆఫీసుల నువ్విచ్చిన పిల్లలు నలుగురు కూసోని టైపు కొడుతున్రు. కబడ్డీ అంటే కాళ్లు నొస్తయంటరు."

ఎవరో జాబితాను మడిచి చాయ్ సాసర్ కింద పెట్టారు. ఇరవై మందినీ పిలిపించి తామే చూస్తామని తీర్మానించారు. పద్దెనిమిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఏ రోజు అన్నప్పుడు ఒకాయన జేబు క్యాలెండరు తీసి, మూఢం పోయాక మొదటి మంచి రోజు ఖాయం చేశాడు. ఇరవయ్యో తారీఖు, పొద్దున ఏడింటికి.

"గా దినం వద్దు," అన్నాడు జగన్మోహన్.

"ఎందుకు?"

"పదిహేను దినాలాగిన స్లాబులన్నీ గా దినమే వడ్తయి."

"కబడ్డీ ఆడదామంటే నువ్వు స్లాబులంటవేందయ్యా? పో, ఇగ నీ పనయింది."

ఆయన లేచిన కుర్చీని వెయిటరు పక్క బల్లకు వేశాడు.

ఆ సాయంత్రమే నాలా పక్క బస్తీకి వెళ్లాడు. బుగ్గమ్మ గుడిసె బయట బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు. ఆయనా కూర్చోవాలని రాలేదు.

"ఇరవయ్యో తారీఖు పొద్దున ఏడింటికి మేనేజర్లు చూస్తరు. గా దినం పిల్లను పనికి పంపకు."

"గా దినం ఇద్దరం రావాలన్నడు మేస్త్రీ. ఒక్కతి తక్కువైనా మల్ల పిలువడు."

"పంపకు."

"నువ్వు జెప్పాల్నా? నా పిల్లను నాకు జెప్తున్నవా?" చేట విసురుగా కొట్టింది. తవుడు ఆయన ప్యాంటు మీద పడింది. "ముందుగాల గా నంబరేసినోనివి నువ్వే గదా. పో సారూ."

ఇరవయ్యో తారీఖున బుగ్గమ్మ ఒక్కతే పనికెక్కింది. మేస్త్రీ ఆమెను పది మంది ముందు తిట్టాడు. సాయంత్రం కూలి ఇచ్చి, రేపటి నుంచి రావద్దన్నాడు. భాగ్యశ్రీ రాత్రంతా నిద్రపోయి, పొద్దున ఇంత సద్ది తిని, నారాయణగూడలో మేనేజర్ల ముందు కూత పెట్టింది. జగన్మోహన్‌ను లోపలికి రానివ్వలేదు. గోడ బయట నుంచి కొలిచాడు: ముప్పై ఒకటి. పంపకంలో ఆమెను అయిదో పేరుగా కోరుకున్నారు.

బుగ్గమ్మ ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. తర్వాత లైబ్రరీ ముందు ఎదురుపడ్డా ముఖం తిప్పుకునేది. భాగ్యశ్రీకి ఆఫీసు జట్టు బ్యాగు వచ్చిన రోజు బస్తీ అందరికీ లడ్డూలు పంచింది. విఠల్‌కు రెండు ఇచ్చింది. జగన్మోహన్ ఇంటికి పంపలేదు.

మరుసటి ఏడాది జాబితా లేదు. ఎవరూ అడగలేదు. కానీ దానికి ముందే, పరీక్ష జరిగిన మూడో రోజున, ఆయన తలుపు మళ్లీ దబదబా మోగింది. వచ్చినవాడు రాఘవేందర్. నారాయణగూడలో బట్టల దుకాణం, చిక్కడపల్లిలో సొంత ఇల్లు. ఆయన కూతురు మనీషది జాబితాలో పన్నెండో పేరు. మేనేజర్లు చూశాక ఆమెను ఎవరూ కోరుకోలేదు.

"నువ్వు నోరు మూసుకొని కూసుంటే మా పిల్లకు ఉద్యోగమొచ్చేది. ఎవర్తో కూలిదొచ్చి గల్లీల లొల్లి జేస్తే భయపడ్డవా?"

జగన్మోహన్ లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చాడు. పెన్సిల్ చెవి మీద నుంచి తీశాడు.

"మూడు మ్యాచులు చూసిన. తారీఖులు చదువుత. ఆ దినాల మీ పిల్ల పొద్దంత ఏం పని జేసొచ్చిందో చెప్పు."

"పనేంది?" రాఘవేందర్ ముఖం ఎర్రబడింది. "మా పిల్లతోని పని జేయిస్తమా మేము? కూలర్ ముందట పండుకొని లేసొస్తది."

జగన్మోహన్ ఆ మాటను మనీష పేరు పక్కన రాసుకున్నాడు. రాసింది ఒకసారి చదువుకున్నాడు.

"అయితే పన్నెండో నంబరు గూడ ఎక్కువే ఇచ్చిన," అని తలుపు వేశాడు. ఈసారి గడియ కూడా పెట్టాడు.