మామ ఎంచిన సైలెన్సర్

నలభై దాటిన మగవాడికి రెండు జబ్బులు వస్తాయని మా ఆవిడ అంటుంది. ఒకటి మోకాళ్ల నొప్పి, రెండోది పెద్ద బండి. నాకు రెండూ ఒకే ఏడాది వచ్చాయి. మోకాళ్లను డాక్టరుకు వదిలేసి బండి సంగతి నేను చూసుకున్నాను. మంగంపేటలో ముగ్గురాయి లారీలు తిప్పే ఒకాయన తన క్రూయిజర్ అమ్ముతున్నాడని తెలిసి, కర్నూలు నుంచి బస్సెక్కి పోయి, దాని మీద కూర్చుని తిరిగొచ్చాను. కాళ్లు ముందుకు చాపుకుని, నడుం వెనక్కి వాల్చి, అరుగు మీద పేపరు చదువుకునేవాడిలా కూర్చుని నడపాల్సిన బండి అది. ఎంత కడిగినా సీటు మీద చరిస్తే తెల్లటి ముగ్గురాయి పొడి లేచేది. నెలల తరబడి నా నల్ల ప్యాంట్లన్నీ వెనకవైపు తెల్లగానే ఉండేవి.

బండి అసలు గొప్పతనం దాని గొంతులో ఉంది. సైలెన్సర్ అడుగున తుప్పు పట్టి బొటనవేలు దూరేంత బొక్క పడింది. స్టార్ట్ చేస్తే వీధి చివర కుక్కలు లేచి నిలబడేవి. సైలెన్సర్ అని పేరు పెట్టి దాన్ని చప్పుడు కోసం కొనుక్కునే జాతి మాది కాబట్టి, ఆ బొక్కను నేను అదృష్టంగానే భావించాను. ఈ వయసులో నీకు ఈ చప్పుడు అవసరమా అని మా ఆవిడ అడిగింది. ఈ వయసులో ఇంకేం మిగిలిందే అన్నాను. ఆమె కాదనలేదు. అదే నాకు బాధ కలిగించింది.

ఆదివారాలు నేను మా అత్తగారి ఊరి చర్చిలో కీబోర్డు వాయిస్తాను. బేతంచెర్ల దారిలో నాపరాళ్ల పాలిషింగ్ మిషన్లు దాటాక లోపలికి ఉంటుంది ఆ ఊరు. పాస్టరు గారు ఒక్కరే, ఆయన చేతి కింద ఊళ్లు మాత్రం చాలా. పొద్దున పక్క ఊళ్లో ప్రార్థన ముగించుకుని, నా బండి వెనక కూర్చుని ఇక్కడికి వస్తారు. అక్కడ ప్రసంగం ఎంత సాగితే ఇక్కడ అంత ఆలస్యం. అందుకే గడియారాన్ని ఎవరూ పట్టించుకోరు. చర్చి గంట రెండుసార్లు కొడతారు. మొదటి గంట వింటే నీళ్లు పోసుకోవాలి, రెండో గంట వింటే బయలుదేరాలి. ఆ మధ్యలో కూర తాలింపు పెట్టుకునేవాళ్లు, ఉల్లిగడ్డలు ఏరుకునేవాళ్లు, తడి తల ఆరబెట్టుకునేవాళ్లు. పాస్టరు గారు ఊళ్లోకి వచ్చారని తెలిశాకే రెండో గంట పడాలి. లేకపోతే జనం ఎండలో నిలబడి పాస్టరు గారిని తిట్టుకుంటారు. ప్రార్థనకు ముందే ఆ పాపం చేయించడం ఎందుకని పెద్దలు పెట్టిన పద్ధతి అది.

గంట కొట్టేది మా మామ. అంతకు ముందు ఆయన తండ్రి కొట్టేవాడట. అన్నదమ్ములు పొలం పంచుకున్నారు, బావి పంచుకున్నారు, గంట తాడు మాత్రం ఈయనకే వచ్చింది. చర్చి వెనక, ప్రహరీ గోడ పక్కన, రెండు ఇనప స్తంభాల మధ్య ఆ గంట వేలాడుతుంది. అక్కడి నుంచి రోడ్డు కనబడదు. నా బండి చప్పుడు వినబడగానే ఆయన తాడు అందుకునేవాడు. మేం బండి దిగేసరికి గంట మోగుతుండేది, జనం సందుల్లోంచి వస్తుండేవారు.

ప్రార్థన అయ్యాక మెట్ల మీద నాకు మరో ప్రసంగం ఉండేది. అది మామది. సంఘమంతా చుట్టూ చేరేది. "దేవుని సన్నిధికి వస్తాండావా, సైతాను డప్పు కొట్టుకుంటా జాతరకు పోతాండావా?" అనేవాడు. నేను పళ్లికిలించేవాణ్ని. ఆయనకు ఎదురు చెప్పి లాభం లేదు. మా మామ పుట్టుక నుంచి ఎవరి మాటా విన్నవాడు కాదు. అందరూ చెప్పడం మానేసి చాలా కాలమైంది.

ఇంతలో కర్నూల్లో పోలీసులు చప్పుడు సైలెన్సర్ల మీద పడ్డారు. పట్టుకున్నవన్నీ రోడ్డు మీద వరుసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. ఆ వీడియో మా ఆవిడ ఫోనుకు వచ్చింది. అన్నం వడ్డిస్తూ నాకు చూపించింది, మళ్లీ మళ్లీ చూపించింది. నేను ఆ వారమే లొంగిపోయి, బండితో పాటు పుట్టినట్టుండే మామూలు సైలెన్సర్ ఒకటి బిగించుకున్నాను. బండి కాస్తా కుట్టుమిషను అయిపోయింది. మామ మాత్రం సంతోషిస్తాడనుకున్నాను.

ఆ ఆదివారం మేం పోయేసరికి చర్చిలో ఇద్దరు ముసలమ్మలు ఉన్నారు, గుమ్మంలో ఒక మేక ఉంది. గంట పడలేదు. వెనక్కి పోయి చూస్తే మామ తాడు చేతిలో పట్టుకుని, మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. పాస్టరు గారు భుజం తట్టారు. మామ ఉలిక్కిపడి లేచి, ప్రార్థనలో ఉన్నానని చెప్పి గంట అందుకున్నాడు. జనం తడి తలలతో పరుగెత్తుకొచ్చారు, కొందరు నవ్వుకున్నారు. తర్వాతి వారం ఆయన ముందు జాగ్రత్తగా గోడ మూల నిలబడి రోడ్డు చూశాడు. దుమ్ము లేస్తే మేమే అనుకుని గంట కొట్టాడు. వచ్చింది ఉల్లిగడ్డల ట్రాక్టరు. మేం చేరేసరికి ఊరంతా ఎండలో నిలబడి ఉంది, పద్ధతి ప్రకారం ఎవర్ని తిట్టుకోవాలో వాళ్లను తిట్టుకుంటోంది.

ఆ సాయంత్రం సంఘ కమిటీ కూర్చుంది. పెద్దాయనకు వయసైంది, నిద్రపోతున్నాడు, ఇక శ్రమ పెట్టొద్దన్నారు. చర్చి మీద మైకు పెట్టి, రికార్డు చేసిన గంట వేద్దామన్నారు. పాస్టరు గారు ఫోను చేస్తే చాలు, ఎవరో ఒకరు మీట నొక్కుతారు. ఈస్టరు వరకు చూద్దామని పాస్టరు గారు వాయిదా వేశారు. మామ ఆ మాటలన్నిటికీ తలూపుతూ కూర్చున్నాడు. ఆయన ముఖం చూడలేక నేను కీబోర్డుకు గుడ్డ కప్పే పని పెట్టుకున్నాను.

శనివారం పొద్దున ఆయన కర్నూల్లో మా ఇంటి ముందు ఆటో దిగాడు. "నీ బండికి ఆ గొట్టం బాగలేదప్పా. నేనొచ్చి మంచిది చూస్తా, పద" అన్నాడు. నేను మా ఆవిడ వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. సైతాను డప్పు అన్న మనిషేనా ఈయన? ముసలితనంలో బండి పిచ్చి ఈయనకూ పట్టిందా అని ఆమెకు అనుమానం వచ్చినట్టుంది. నాకు మాత్రం లోపల్లోపల గర్వంగా ఉంది.

వన్ టౌన్ వెనక సందులో నాకు తెలిసిన మెకానిక్ భాయ్ ఉన్నాడు. కొట్టు గోడంతా సైలెన్సర్లు వేలాడదీసి ఉంటాయి. వాటిని ఎంచడానికి నాకొక శాస్త్రం ఉంది. పొట్టి పైపు అయితే టపటపా పేలుతుంది, కాలేజీ పిల్లల సరుకు. పొడుగు పైపు, చివర చేప తోకలా చీలినది, చూడ్డానికి అందం, గొంతు మాత్రం పెళ్లిచూపుల్లో కూర్చున్న అమ్మాయిది. లావుపాటి నల్ల పైపు ఒకటి ఉంది, అది గుండెలో గుద్దుతుంది. ఇవన్నీ వివరిస్తుంటే మామ నా నోటి వైపే చూస్తూ శ్రద్ధగా విన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

ఎంచే పద్ధతి మాత్రం ఆయన చెప్పిందే. గంటైనా, గొట్టమైనా దగ్గర నిలబడి వినకూడదట. చర్చికి ఇప్పుడున్న గంట కొన్నప్పుడు వాళ్ల నాయన వీధి మలుపు తిరిగి, వీపు పెట్టి నిలబడి ఎంచాడట. మలుపు దాటి వచ్చిన చప్పుడే చప్పుడు. భాయ్‌కి ఈ మాట తెగ నచ్చింది. మామ పంచె ఎగగట్టి సందు చివరకు నడిచి, మలుపు తిరిగాడు. మేం పొట్టి పైపు బిగించి మోగించాం. మామ తిరిగొచ్చి, రాలేదన్నాడు. చేప తోక బిగించాం. అదీ రాలేదు. పైకి పోయే చప్పుడు వేరు, దూరం పోయే చప్పుడు వేరు, పెద్దాయనకు లెక్క తెలుసు అని భాయ్ మెచ్చుకున్నాడు. నేనూ అవునన్నాను.

లావు పైపు బిగించాక, ఆ లెక్కేమిటో నేర్చుకుందామని నేను కూడా మామతో పాటు మలుపు తిరిగి నిలబడ్డాను. భాయ్ బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటరు తిప్పాడు. మేడ మీద ఎవరో కిటికీ రెక్కలు మూసుకున్నారు. ఒక ముసలామె గుమ్మంలోకి వచ్చి ఉర్దూలో భాయ్ వంశాన్ని మొత్తం పలకరించింది. నా పక్కటెముకలు అదురుతున్నాయి. మామ ప్రశాంతంగా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నా వైపు తిరిగి అడిగాడు.

"ఏమప్పా, ఇంగా స్టార్ట్ చెయ్యల్యా?"

పాటల్లో ఆయన మా అందరికన్నా ఒక చరణం వెనక ఉండేవాడు. నా వేళ్ల తప్పేమో అనుకునేవాణ్ని. ఇంట్లో ఏం అడిగినా సంబంధం లేని జవాబు చెప్పేవాడు, అది ఆయన పొగరు అనుకునేవాళ్లం. ఎవరి మాటా వినని మనిషికి చెవుడు వచ్చిందని కనిపెట్టడం ఎవరి వల్ల అవుతుంది? నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సంఘంలో చెప్పాకు. చెవిటోని చేతిలో తాడెందుకంటారు. మా నాయన ఇచ్చిన తాడప్పా అది."

చెవి మిషను పెట్టుకోవచ్చు కదా మామా అని ఆయన చెవిలో అరిచాను, చేత్తో కూడా చూపించాను. దాన్ని పెట్టుకుంటే చెవుడని ఊరంతటికీ బోర్డు కట్టినట్టే ఉండాది కదా అన్నాడు. ఇన్నాళ్లూ బొక్క సైలెన్సర్ చప్పుడు గంట స్తంభం మీద పెట్టిన చేతికి తెలిసేదట, లీలగా చెవికీ తగిలేదట. అది పోయాక ఏమీ లేదట. తిట్టేవాడివి కదా అన్నాను. తిట్టకపోతే జనానికి అనుమానం రాదా అన్నాడు. ఆ దుఃఖంలో కూడా నాకు నవ్వొచ్చింది.

మలుపులో ఒక మూసిన కొట్టు ఉంది. మామ చెయ్యి తీసుకుని దాని ఇనప షట్టరు మీద పెట్టాను. భాయ్‌కి సైగ చేశాను. వరుసగా మూడు పైపులూ మళ్లీ బిగించి మోగించమన్నాను. భాయ్‌కి ఇదంతా ఏమిటో అర్థం కాలేదు, అయినా చేశాడు. పొట్టి దానికీ, చేప తోకకూ మామ ముఖం కదలలేదు. లావు పైపు మోగినప్పుడు ఆయన కళ్లు మూసుకుని అరచెయ్యి ఇంకా వెడల్పుగా పరిచాడు.

"వచ్చె" అన్నాడు. "ఇదే."

అందం చూస్తే పొయ్యి గొట్టంలా ఉండే పైపు అది. రోడ్డు రోలరు కింద పడాల్సిన వాటిలో మొదటి వరుసది. కొన్నాను.

ఇప్పుడు నా బండికి రెండు సైలెన్సర్లు. కర్నూల్లో కుట్టుమిషను. ఆదివారం మాత్రం లావుదాన్ని గోనెసంచిలో చుట్టి బండికి కట్టుకుని పోతాను. పక్క ఊళ్లో పాస్టరు గారు ప్రసంగం చేస్తుండగా, వేడి పైపు చల్లారాక, చింతచెట్టు కింద గొంతుక్కూర్చుని సైలెన్సర్ మారుస్తాను. నా మోకాళ్లు ఆ సమయంలో దేవుణ్ని నాకంటే ఎక్కువగా తలుచుకుంటాయి. ప్రసంగం ముగించుకొచ్చిన పాస్టరు గారు మసి చేతులు చూస్తారు, ఏమీ అడగరు, వెనక కూర్చుంటారు. కీబోర్డు మీద తెల్ల మీటలు కొన్ని బూడిద రంగుకు తిరిగాయి. మా ఆవిడకు చెప్పేశాను. ఆమె పాత టవలు ఒకటి తెచ్చి, చేతులు తుడుచుకోవడానికి గోనెసంచిలో పెట్టింది.

మొదటి ఆదివారం నేను చర్చి ముందు ఆగకుండా, చుట్టూ తిరిగి వెనక ప్రహరీ గోడకు ఆనించినట్టు బండి ఆపి, యాక్సిలరేటరు మెలిపెట్టాను. గోడ మీది పిచ్చుకలు లేచిపోయాయి. గోడ అవతల గంట మోగింది. సందుల్లోంచి జనం వచ్చారు, ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. ఈస్టరు దాటినా మైకు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక మామ మెట్ల మీద నన్ను నిలబెట్టాడు. సంఘమంతా చుట్టూ చేరింది. మళ్లీ తగిలించినావా ఆ సైతాను డప్పు, నీకు సిగ్గు శానా తక్కువ, దాన్ని ఎప్పుడు తీస్తావని ఊరంతా వినేలా అరిచాడు. నేను తలొంచుకుని, నోరు సరిగా కదపకుండా, అసలు తియ్యను మామా అన్నాను. ఆయనకు వినబడలేదు. అయినా, సరే అన్నట్టు తలూపాడు.