కాచిన పాల మీగడ

మా బావ గోడలకు రంగులేసే మేస్త్రీ. ఆయనకున్న జబ్బల్లా ఒక పట్టాన రంగు వేయకపోవడమే. ఎవరింటికెళ్లినా గోడ మీద అరచేతులంత రెండు మచ్చలు పూస్తాడు. ఒకటి పచ్చిపాల మీగడ రంగు, రెండోది కాచిన పాల మీగడ రంగు. ఇక వాటి ముందు బాసింపట్టు వేసుకుని పొద్దుటి వెలుగులో ఓసారి, మధ్యాహ్నపు వెలుగులో ఓసారి, దీపం పెట్టాక ఓసారి చూస్తాడు.

“రెండూ ఒకటే కదయ్యా?” అని ఇంటివాళ్లు అన్నారో, అయిపోయారే!

“ఒకటా! అది నవ్వబోతోంది, ఇది ఇప్పుడే నవ్వి ఊరుకుంది. కనిపించడం లేదూ?”

ఈ వాదనలో ముప్ఫై ఏళ్లుగా ఆయన ఎవరికీ ఓడలేదు.

ఒకసారి ఓ దర్జీ తన తల్లి గదికి రంగు వేయించాలని పిలిస్తే, బావకు సాయంగా నేనూ వెళ్లాను. ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. గొంతుకేమీ కాలేదన్నాడట డాక్టరు. అయినా మాట మానేసి, గోడవైపు తిరిగి పడుకునే ఉంటోంది.

బావ సరిగ్గా ఆ గోడ మీదే మచ్చలు పూశాడు. “పచ్చిపాలదే బాగుందమ్మా. ఆ రెండోది ఉతకని దుప్పటిలా లేదూ?”

నేను తెల్లబోయాను. పడమటి కిటికీ ఉన్న గదికి ఎప్పుడూ కాచిన పాలదే వేసే మనిషి!

“బావా, ఎండ పడితే అది...”

“నువ్వు నోర్ముయ్ రా.”

రోజూ అదే పాట. ఆవిడ ఉలకదు, పలకదు. నాలుగోరోజు దర్జీ విసిగిపోయాడు. “మేస్త్రీ, ఈలోగా నేను ఇరవై చొక్కాలు కుట్టాను. నువ్వు రెండు మచ్చలు దాటలేదు!”

ఐదోరోజు బావ కుంచెను పచ్చిపాల రంగులో ముంచి ఎత్తాడు. “ఇంత చక్కని రంగు ఇంకోటి లేదు. వేసేస్తున్నా.”

“కళ్లున్నాయా నీకు?”

మంచం మీంచి వచ్చింది ఆ మాట. గుమ్మంలో దర్జీ, మెడలో టేపుతో, అలాగే నిలబడిపోయాడు.

“దర్జీ తల్లిని. తెల్లదారాల్లో తేడాలు చూస్తూ ముసలిదాన్నయ్యాను. రెండోది వెయ్యి!”

బావ రెండు మచ్చలనూ మార్చి మార్చి చూశాడు. తల వంచాడు. “ఓడిపోయానమ్మా.”

ఆయన బావమరిదినని చెప్పుకోవడానికి నాకు ఆ ఒక్క మాట చాలు.

సాయంత్రానికి గోడంతా కాచిన పాల మీగడైంది. ఏనాడూ గోరంత గోడ వదలని బావ, కిటికీ పక్కన చెయ్యంత మేర వదిలేసి కుంచె కడుక్కుంటున్నాడు.

“అక్కడ వదిలేశావు,” అంది ఆవిడ.

“ఎక్కడమ్మా? నాకేం కనిపించడం లేదే!”

“నీ మొహం!” అంటూ, వేలు పెట్టి చూపించడానికి ఆవిడ మంచం దిగింది.