కర్పూరం మీద ఒట్టు

మొన్న సాయంత్రం రాజమండ్రిలో మా వీధిలోంచి మైకు కట్టిన ఆటో ఒకటి వెళ్లింది. ఒక భజన పాట, ఆ వెంటనే పన్నుల భారం గురించి నాలుగు మాటలు, మళ్లీ భజన. మనవలు బాల్కనీలోకి పరుగెత్తారు గాని, నాకు మాత్రం లేచి తలుపు వేసుకోవాలనిపించింది.

తొంభైల్లో, నేను మండపేటలో కొత్తగా టీచరుగా చేరి మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చే రోజుల్లో, చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్న మా పిన్ని పంచాయతీ గదిలో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేది. ఆ మిషన్లకూ ఆవిడ జీతానికీ ఊరివాళ్లు కట్టే ఇంటిపన్నే ఆధారం. పెద్దవీధి వాళ్లూ దళితపేట ఆడవాళ్లూ ఒకే చాప మీద కూర్చునేవారు, వాళ్ల నవ్వులు బస్సు దిగుతుండగానే వినిపించేవి.

ఆ ఏడే రామాలయంలో శనివారం భజనకు పక్క ఊరి మిల్లు యజమాని ఒకాయన రావడం మొదలుపెట్టారు. మంచి గొంతు, మెత్తటి మాట. మొదట ఆచారాల గురించి చెప్పేవారు, పోనుపోను మన కష్టమంతా పన్నుల రూపంలో ఎటు పోతోందని అడగసాగారు. అందులో న్యాయం లేకపోలేదు, మా కాలవ పూడిక తీసి ఏళ్లు గడిచాయి. అందుకే నాన్న తలూపారు. ఆడవాళ్లను గుమ్మం దాటించడానికా మనం పన్ను కట్టేదని ఆయన అడిగిన రోజున కూడా తలూపారు. చివరికి ఒక శనివారం మగవాళ్లంతా వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి చాపి, ఇక పంచాయతీకి పన్ను కట్టబోమని ఒట్టు వేశారు.

పిన్ని మాత్రం తన ఇంటిపన్ను కట్టి వచ్చింది. అది తెలిసి నాన్న ఆవిడ అరుగు మీద నిలబడి, "దేవుడి ముందు అనుకున్న మాటమ్మా. నువ్వొక్కదానివీ కడితే ఊరికి ఎదురెళ్లినట్టు కాదా?" అన్నారు.

"నేను ఒట్టు వెయ్యలేదు కదండీ బావగారూ," అంది పిన్ని, మిషన్ ఆపకుండానే.

ఆవిణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పాలవాడు రావడం మానేశాడు, పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి, ఆవిడ వీధిలో నడుస్తుంటే అరుగుల మీద మాటలు ఆగేవి. నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే తగ్గి గదికి తాళం పడింది. తర్వాతి ఎన్నికల్లో మిల్లాయన బావమరిది మా ఊరి సర్పంచి అయ్యాక అదే గది భజన మందిరమైంది. పిన్ని రాజమండ్రి వచ్చేసి ఒక బట్టల కొట్లో పనికి కుదిరింది.

ఆ పైన కోతలవగానే మిల్లాయన మనుషులు మందిరం పేరు చెప్పి ఇంటింటికీ చందాకు రావడం మొదలైంది. పన్నయితే ఎందుకని అడగవచ్చు, వచ్చే నెల కడతాననవచ్చు. ఈ చందాకు నాన్న మారుమాట లేకుండా ధాన్యం కొలిచి ఇచ్చి, వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవారు. ఎవరి ముందూ అలా నిలబడిన నాన్నను నేను అంతకుముందు చూసి ఎరగను.

ఇప్పుడు ఊరు వెళ్తే సిమెంటు రోడ్లున్నాయి, అందరూ ఆప్యాయంగానే పలకరిస్తారు. కాని ఊరి సంగతి ఏదడిగినా ముందు ఒకసారి వీధివైపు చూసి, గొంతు తగ్గించి చెబుతారు. నా చిన్నప్పుడు పంచాయతీ అరుగు మీద సర్పంచిని ముఖానే తిట్టిపోసి, ఆ సాయంత్రమే ఆయనింట్లో కాఫీ తాగి వచ్చేవారు మావాళ్లు.